సూర్యుడి లాంటి నక్షత్రాల లోపలి భ్రమణం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాసా కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు డేటా మీద విద్యార్థులతో పనిచేయడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. కొన్ని ఇంటర్ పిల్లలవి, కొన్ని పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లవి. వాళ్లు అడిగిన మాటల్లోనే వాటిని ఇక్కడ పెట్టాను. వరసగా చదవాలనేం లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్లండి.

## మొదట్లో వచ్చే సందేహాలు

నక్షత్రం టెలిస్కోపులో కూడా చుక్కే కదా, దాని లోపల ఎలా తిరుగుతుందో ఎలా తెలుస్తుంది?

దాని వెలుతురు వణికే తీరును బట్టి. సూర్యుడి లాంటి నక్షత్రాల పైపొరల్లో వేడి వాయువు ఎసరు మరిగినట్టు ఎప్పుడూ కుతకుతలాడుతూ ఉంటుంది. ఆ మరుగు నుంచి శబ్ద తరంగాలు పుట్టి లోపలికి వెళ్తాయి. లోతుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుంది కాబట్టి వాటి దారి వంగి, మళ్లీ పైకి తిరుగుతాయి. ఇలా తిరిగే తరంగాల్లో కొన్ని పౌనఃపున్యాలు మాత్రమే నిలబడతాయి. వీణ తీగ మీద కొన్ని స్వరాలే నిలబడినట్టు. నక్షత్రం తిరుగుతూ ఉంటే ఆ స్వరాల్లో ఒక్కొక్కటీ సన్నగా చీలుతుంది. ఆ చీలిక ఎంతో కొలిస్తే తిరిగే వేగం తెలుస్తుంది.

ఇది ఎంత చిన్న వణుకో చెప్పాలి. సూర్యుడిలో ఒక్కో కంపనం వల్ల వెలుతురు మారేది పది లక్షల్లో కొన్ని వంతులే. ఉపరితలం కదిలే వేగం సెకనుకు 20 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే పసిబిడ్డ పాకే వేగం. అంత చిన్న కదలికను అన్ని కాంతి సంవత్సరాల అవతల కొలవగలుగుతున్నాం అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

శూన్యంలో శబ్దం రాదు కదా, మరి నక్షత్రాల శబ్దం వింటున్నాం అంటారేంటి?

శబ్దం నక్షత్రం లోపలే ఉంటుంది, బయటికి రాదు. మన దాకా వచ్చేది కాంతి మాత్రమే. ఆ కాంతి హెచ్చుతగ్గులను కొలిచి లోపలి శబ్దం ఎలా ఉందో లెక్క కడతాం. ఇంటర్నెట్‌లో వినిపించే నక్షత్రాల పాటలన్నీ పౌనఃపున్యాన్ని వేల, లక్షల రెట్లు పెంచి మన చెవికి అందేలా చేసినవి. సూర్యుడి అసలు స్వరం ఒక్కసారి ఊగడానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది.

సూర్యుడి లాంటి నక్షత్రం అంటే సరిగ్గా ఏంటి?

మా పనిలో దానికి అర్థం ఒకటే: పైపొరల్లో సంవహనం (వేడి వాయువు మరిగి పైకీ కిందికీ తిరగడం) జరుగుతూ, ఆ మరుగు వల్లే కంపించే నక్షత్రం. బరువులో సూర్యుడికి దగ్గరగా ఉండేవి, కొంచెం చల్లనివి, కొంచెం వేడివి అన్నీ ఇందులోకి వస్తాయి. బాగా వేడిగా ఉండే పెద్ద నక్షత్రాలకు పైన అలాంటి మందమైన మరిగే పొర ఉండదు. అవి కంపించినా వేరే కారణాల వల్ల కంపిస్తాయి, వాటికి లెక్కలు వేరు.

తిరిగితే స్వరం ఎందుకు చీలాలి? ఇది ఎంత చదివినా అర్థం కావడం లేదు.

తిరునాళ్లలో రంగులరాట్నం గుర్తు తెచ్చుకోండి. గుర్రాలు ఉన్న గుండ్రటి పలక మీద ఇద్దరు పిల్లలు ఒకే వేగంతో నడుస్తున్నారు. ఒకరు పలక తిరిగే వైపు, ఇంకొకరు దానికి ఎదురు. పలక ఆగి ఉంటే ఇద్దరూ మీ ముందు నుంచి సమాన వ్యవధిలో వెళ్తారు. పలక తిరుగుతుంటే తిరిగే వైపు నడిచే పిల్ల మీ ముందుకు తొందర తొందరగా వస్తుంది, ఎదురు నడిచేవాడు ఆలస్యంగా వస్తాడు. నడక మారలేదు, బయట నిలబడ్డ మీకు కనిపించే లెక్క మారింది.

నక్షత్రంలోనూ అంతే. భ్రమణం వైపు పరుగెత్తే తరంగం కొంచెం ఎక్కువ పౌనఃపున్యంతో, ఎదురు పరుగెత్తేది కొంచెం తక్కువతో కనిపిస్తాయి. ఉపరితలం మీద నమూనా ఎలా ఉందన్నది ఎల్ అనే అంకె చెబుతుంది. ఎల్ = 0 అంటే నక్షత్రం మొత్తం ఒకేసారి ఉబ్బి తగ్గడం. దానికి దిక్కు లేదు కాబట్టి చీలదు. ఎల్ = 1 అయితే మూడు ముక్కలు, ఎల్ = 2 అయితే ఐదు. సూత్రం రెండు ఎల్ కూడిక ఒకటి. ఈ ముక్కలకు ఎమ్ అనే అంకె పెడతాం.

ఈ ఆలోచన నక్షత్రాలతో మొదలవలేదు. మోగుతున్న గ్లాసును లేదా గంటను గుండ్రంగా తిప్పితే స్వరం రెండుగా చీలి అదురుతున్నట్టు వినిపిస్తుందని 1890లోనే జి.హెచ్. బ్రయాన్ లెక్కతో చూపించాడు. నక్షత్రాలకు దాన్ని వర్తింపజేసినవాడు బెల్జియంకు చెందిన పాల్ లెడూ, 1951లో.

మచ్చలు చూసి తిరుగుడు కొలవొచ్చు కదా, ఇంత కష్టం ఎందుకు?

కొలవొచ్చు, కొలిచారు కూడా. కెప్లర్ డేటాలో మచ్చల వల్ల వచ్చే హెచ్చుతగ్గులతో 34,000కు పైగా నక్షత్రాల భ్రమణ కాలాలు 2014లోనే వచ్చాయి. అయితే మచ్చ ఉండేది పైతోలు మీద, అది చెప్పేది ఆ తోలు సంగతి. పైగా వయసు మళ్లిన ప్రశాంతమైన నక్షత్రాల మీద మచ్చలు తక్కువ, వాటి దగ్గర ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. కంపనాలు మాత్రం అలాంటి నక్షత్రాల్లోనే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి, ఎందుకంటే బలమైన అయస్కాంత క్షేత్రం కంపనాలను అణచివేస్తుంది. ముసలి నక్షత్రాల భ్రమణం గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం అందుకే కంపనాల నుంచే వచ్చింది.

ముందు సూర్యుడి సంగతి చెప్పండి, లోపల ఎలా తిరుగుతున్నాడు?

పైన మధ్యరేఖ దగ్గర సుమారు 25 రోజులకు ఒక చుట్టు, ధ్రువాల దగ్గర దాదాపు 35 రోజులకు. సంవహనం జరిగే పొర అడుగు దాకా, అంటే వ్యాసార్థంలో పై నుంచి సుమారు 29 శాతం లోతు వరకూ, ఈ తేడా అలాగే ఉంటుంది. ఆ అడుగున ఒక పల్చటి పొరలో తేడా హఠాత్తుగా మాయమవుతుంది. దాన్ని టాకోక్లైన్ అంటారు. దాని కింద సూర్యుడు దాదాపు గట్టి బంతిలా ఒకే వేగంతో తిరుగుతున్నాడు.

ఇది తెలియక ముందు చాలామంది లోపల వేగం ఎక్కువ ఉంటుందనీ, సంవహన పొరలో వేగం స్తంభాల్లాగా అమరి ఉంటుందనీ అనుకున్నారు. కొలతలు ఆ రెండూ కాదన్నాయి. 5 నిమిషాల కంపనాలను లైటన్, నోయెస్, సైమన్ 1962లో ప్రకటించారు. వాటిని రాత్రీపగలూ ఎడతెగకుండా చూడటానికి 1995 నుంచి ఆరు చోట్ల గాంగ్ అనే టెలిస్కోపుల వల నడుస్తోంది. ఆ ఆరింటిలో ఒకటి మన ఉదయపూర్‌లో, ఫతేసాగర్ చెరువు దగ్గరి సౌర పరిశోధనశాలలో ఉంది. అదే ఏడాది డిసెంబరులో సోహో ఉపగ్రహం కూడా వెళ్లింది.

## డేటా గురించి

ఒక నక్షత్రాన్ని ఎన్ని రోజులు చూస్తే సరిపోతుంది?

ఒక చిన్న లెక్క గుర్తుంచుకోండి: 11.57ని రోజుల సంఖ్యతో భాగిస్తే మీరు విడదీయగల కనీస తేడా మైక్రోహెర్ట్జ్‌లలో వస్తుంది. 30 రోజుల డేటాకు అది 0.39. సూర్యుడి చీలిక సుమారు 0.4 మైక్రోహెర్ట్జ్. అంటే 30 రోజులతో మీరు గడప మీదే ఉన్నారు. నాలుగేళ్ల కెప్లర్ డేటాకు ఆ కనీస తేడా 0.008 దాకా దిగుతుంది.

అయితే ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. ఏ పౌనఃపున్యం దగ్గర కంపనం ఎంత బలంగా ఉందో గీసిన పటాన్ని పవర్ స్పెక్ట్రం అంటాం, అందులో ఒక్కో స్వరం ఒక శిఖరంలా లేస్తుంది. రోజులు పెరిగితే ఆ శిఖరం అంతకంతకూ సన్నబడుతుందని ఎదురుచూస్తారు. అలా జరగదు. ఒక్కో కంపనం పుట్టి కొన్ని రోజుల్లో చచ్చిపోయి మళ్లీ పుడుతుంది కాబట్టి శిఖరానికి దాని సొంత వెడల్పు ఉంటుంది. సూర్యుడిలో బలమైన కంపనాలకు అది సుమారు 1 మైక్రోహెర్ట్జ్. డేటా పెరిగితే వెడల్పు తగ్గదు, దాని ఆకారం తేటపడుతుంది. చీలిక దాగి ఉండేది ఆ ఆకారంలోనే.

నేను మొదట్లో ఒక నక్షత్రం మీద నెల రోజుల ముక్క తీసుకుని ఫిట్ చేశాను. ముచ్చటగా మూడు శిఖరాలు, మధ్యలో సమాన దూరాలు. రెండు రోజులు ఆ పటం అందరికీ చూపించాను. తర్వాతి నెల ముక్కలో ఆ మూడూ లేవు. వాటి స్థానంలో వేరే చోట నాలుగు పుట్టాయి. అవన్నీ నాయిస్. అప్పటి నుంచి డేటాను ముక్కలు చేసి చూడకుండా ఏ చీలికనూ నమ్మను, మిమ్మల్నీ నమ్మొద్దంటాను.

కెప్లర్ 30 నిమిషాల డేటా వాడొచ్చా? అది సులువుగా దొరుకుతోంది.

సూర్యుడి లాంటి నక్షత్రానికి వాడలేరు. ఆ డేటాలో నేరుగా చూడగల గరిష్ఠ పౌనఃపున్యం 283 మైక్రోహెర్ట్జ్. సూర్యుడి కంపనాలు 3,090 దగ్గర బలంగా ఉంటాయి. 5 నిమిషాల ఊగుడును అరగంటకొకసారి చూస్తే దొరకదు. మీకు కావలసింది నిమిషానికొక కొలత ఉన్న షార్ట్ కేడెన్స్ డేటా. ఒక సమయంలో 512 నక్షత్రాలకు మాత్రమే ఆ అవకాశం ఉండేది. అందుకే సూర్యుడి లాంటి నక్షత్రాల్లో బాగా నాణ్యమైన జాబితా చిన్నది. లెగసీ అని పిలిచే జాబితాలో ఉన్నవి 66. అరుణ మహాతారలు (వయసు మళ్లి ఉబ్బిపోయిన నక్షత్రాలు) నెమ్మదిగా ఊగుతాయి కాబట్టి వాటికి 30 నిమిషాల డేటా చక్కగా సరిపోతుంది.

టెస్ డేటాతో భ్రమణం కొలవొచ్చా?

నాసా ఉపగ్రహం టెస్ ఆకాశాన్ని సెక్టార్లనే భాగాలుగా చూస్తుంది. ఒక్క సెక్టారుతో కుదరదు. 27 రోజులంటే విడదీయగలిగేది 0.43 మైక్రోహెర్ట్జ్, సూర్యుడి చీలిక అంతే ఉంది. ఆకాశంలో టెస్ ఏడాది పొడుగునా చూసే భాగంలో ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రమైతే ఆశ ఉంది. ఐరోపా అంతరిక్ష సంస్థ సిద్ధం చేస్తున్న ప్లాటో మీద మా అందరి చూపూ ఉన్నది ఇందుకే. 26 కెమెరాలతో ఒకే దిక్కును ఏళ్ల తరబడి చూడాలన్నది దాని ప్రణాళిక.

మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 ఈ పని చేస్తోందా?

2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య పని ప్రధానంగా సూర్యుడి పై వాతావరణం, కరోనా, సౌర గాలి. లోపలి భ్రమణం కొలిచే పరికరం దాంట్లో లేదు. ఆ పని గాంగ్ టెలిస్కోపులు, సోహో, 2010లో వెళ్లిన నాసా ఉపగ్రహం ఎస్‌డీఓ చేశాయి.

## కొలిచేటప్పుడు

పుస్తకంలో మూడు శిఖరాలు వేరువేరుగా ఉన్నాయి. నా స్పెక్ట్రంలో ఒకటే మొద్దు శిఖరం. తప్పెక్కడ?

తప్పేం లేదు. సూర్యుడి లాంటి నెమ్మది నక్షత్రంలో శిఖరం వెడల్పు 1 మైక్రోహెర్ట్జ్, చీలిక 0.4. మూడూ ఒకదాని మీద ఒకటి పడి మొద్దుగా కనిపిస్తాయి. పుస్తకం బొమ్మ అర్థం కావడానికి గీసింది.

చేయాల్సింది ఒక్కో శిఖరాన్ని విడిగా పట్టుకుని లాగడం కాదు. కనిపించే కంపనాలన్నిటినీ ఒకేసారి తీసుకుని, అన్నిటికీ ఒకే చీలిక, ఒకే వంపు కోణం (నక్షత్రం అక్షం మన చూపుకు ఎంత కోణంలో ఉందో అది) పెట్టి ఫిట్ చేయాలి. పది, పదిహేను జతలు కలిసి చెప్పే సాక్ష్యం ఒక్క శిఖరం చెప్పేదానికన్నా ఎంతో బలమైనది. ఇంకొకటి: పవర్ స్పెక్ట్రంలో నాయిస్ మామూలు గంట ఆకారంలో ఉండదు, ఘాతీయంగా ఉంటుంది. కాలేజీలో నేర్చుకున్న లీస్ట్ స్క్వేర్స్ ఇక్కడ పెడితే జవాబు పక్కకు పోతుంది. లైక్లీహుడ్ (ఈ నమూనా నిజమైతే ఈ డేటా వచ్చే అవకాశం ఎంత అన్న లెక్క) సరిగ్గా రాసి, సాధ్యమైన విలువలను యాదృచ్ఛికంగా వెతికే ఎంసీఎంసీ పద్ధతితో నడపండి.

వంపు కోణం మధ్యలో ఎందుకు వచ్చింది? నాకు భ్రమణం ఒక్కటే కావాలి.

రెండూ విడదీయరాని జంట. నక్షత్రాన్ని మనం ఏ వైపు నుంచి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఏ ముక్క ఎంత ఎత్తుగా కనిపిస్తుందో మారుతుంది. ధ్రువం నెత్తి మీది నుంచి చూస్తే ఎల్ = 1లో మధ్య ముక్క ఒక్కటే కనిపిస్తుంది, చీలిక ఉన్నా తెలియదు. మధ్యరేఖ వైపు నుంచి చూస్తే ఆ మధ్య ముక్కే మాయమై పక్క రెండూ మిగులుతాయి.

శిఖరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినప్పుడు తక్కువ చీలిక, ఎక్కువ వంపు అన్నా, ఎక్కువ చీలిక, తక్కువ వంపు అన్నా దాదాపు ఒకే ఆకారం వస్తుంది. అందుకే చీలికను వంపు సైన్‌తో గుణించిన విలువ గట్టిగా దొరుకుతుంది, విడివిడిగా ఒక్కొక్కటి అంత గట్టిగా దొరకదు. ఫలితం రాసేటప్పుడు ఒక్క అంకె ఇచ్చి ఊరుకోకండి, రెంటి మధ్య అరటికాయలా వంగి కనిపించే ఆ మబ్బు పటం కూడా పెట్టండి.

ఏది ఎల్ = 1, ఏది ఎల్ = 0, 2 జత? ఎలా గుర్తుపట్టాలి?

స్పెక్ట్రాన్ని పెద్ద ఎడం (ఒకే ఎల్ ఉన్న పక్కపక్క శిఖరాల మధ్య దూరం) కొలతతో ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చండి. దీన్ని ఎషెల్ పటం అంటారు. పెద్ద ఎడం సూర్యుడికి సుమారు 135 మైక్రోహెర్ట్జ్. నిలువుగా గీతలు కనిపిస్తాయి: పక్కపక్కనే ఉన్న రెండు గీతలు ఎల్ = 2, 0 జత, దూరంగా ఒంటరిగా ఉన్నది ఎల్ = 1.

సూర్యుడి అంత చల్లగా ఉన్నవాటిలో ఇది రెండు నిమిషాల పని. వేడి ఎక్కువ ఉన్న ఎఫ్ రకం నక్షత్రాల్లో కంపనాలు తొందరగా చచ్చిపోతాయి కాబట్టి శిఖరాలు వెడల్పై జత కూడా ఒకటే గీతలా కలిసిపోతుంది. హెచ్‌డీ 49933 కథ అదే. కోరో ఉపగ్రహం ఇచ్చిన మొదటి 60 రోజుల డేటాతో 2008లో ఒక గుర్తింపు ఇచ్చారు. 180 రోజుల డేటా వచ్చాక 2009లో అది తలకిందులైంది, ఎల్ = 1 అనుకున్నది జత, జత అనుకున్నది ఎల్ = 1. గుర్తింపు తారుమారైతే చీలిక లెక్క మొత్తం పోతుంది. అందరూ అనుభవజ్ఞులే, డేటా చాలలేదంతే.

చీలిక దొరికింది. రోజుల్లోకి ఎలా మార్చాలి?

11.57ని మైక్రోహెర్ట్జ్‌లలో ఉన్న చీలికతో భాగించండి. 0.46 వస్తే సుమారు 25 రోజులు. 1.16 వస్తే 10 రోజులు. సూర్యుడి లాంటి నక్షత్రాల శబ్ద కంపనాలకు ఇంతే. అరుణ మహాతారల్లో కోర్‌ను (నక్షత్రం నడిమధ్య భాగాన్ని) తాకే ఎల్ = 1 కంపనాలకు మాత్రం ఇది తప్పు, అక్కడ చీలిక భ్రమణ పౌనఃపున్యంలో సగమే ఉంటుంది. మరిచిపోతే వేగం సగానికి పడిపోతుంది.

## ఫలితాన్ని ఎలా చదవాలి

నాకు వచ్చిన విలువ కోర్‌దా, పైపొరదా?

ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదువుతారంటే ఇది చదవండి. వచ్చింది సగటు, అందులోనూ పై భాగానికి బరువు ఎక్కువ ఉన్న సగటు.

కారణం శబ్ద వేగం. సూర్యుడి ఉపరితలం దగ్గర అది సెకనుకు 7, 8 కిలోమీటర్లు. కోర్‌లో సుమారు 500 కిలోమీటర్లు. ఊరి సందుల్లో నెమ్మదిగా నడిచి హైవే మీద దూసుకుపోయినట్టు, తరంగం తన సమయంలో ఎక్కువ భాగం పైపొరల్లోనే గడుపుతుంది. ఎక్కడ ఎక్కువ సేపు ఉంటే అక్కడి వేగమే చీలికలో ఎక్కువగా కనిపిస్తుంది. ఎల్ = 1 తరంగాలు కోర్ అంచుల దాకా వెళ్లొచ్చినా అక్కడ ఉండేది క్షణమే.

సూర్యుడికి మనం వేల కంపనాలు చూస్తాం, ఎల్ వందల్లో ఉన్నవి కూడా, ఒక్కోటి ఒక్కో లోతు దాకా వెళ్తుంది. కాబట్టి పొర పొరగా విప్పగలం. చుక్కలా కనిపించే నక్షత్రానికి ఎల్ = 2, మహా అయితే 3 దగ్గర ఆగిపోతాం. అందుకే "కోర్ ఇన్ని రోజులకు తిరుగుతోంది" అని సూర్యుడి లాంటి నక్షత్రం గురించి ఎవరైనా అంటే, ఏ కంపనాలతో అని అడగండి.

అయినా దారి ఉంది. కంపనాలు ఇచ్చే సగటును, మచ్చలో, వర్ణపటంలోని గీతల వెడల్పో ఇచ్చే ఉపరితల వేగంతో పోల్చవచ్చు. 2015లో ఒథ్మాన్ బెనోమార్ బృందం 22 నక్షత్రాలకు ఇలా చేసింది. లోపలా బయటా దాదాపు ఒకే వేగం అని తేలింది, సూర్యుడిలాగే.

సూర్యుడి కోర్ నాలుగు రెట్లు వేగంగా తిరుగుతోందని వార్త చదివాను. నిజమేనా?

2017లో సోహో మీది గాల్ఫ్ పరికరం డేటాతో ఆ ప్రకటన వచ్చింది. కోర్ వారానికొక చుట్టు తిరుగుతోందని అన్నారు. కోర్‌లో బందీగా ఉండే గురుత్వ తరంగాల (ఐన్‌స్టీన్ చెప్పినవి కావు, వాయువు బరువుకు కిందికీ తేలుడుకు పైకీ ఊగే తరంగాలు) జాడను దానికి ఆధారంగా చూపించారు. 2018లో ఇంకో బృందం అదే విశ్లేషణను మళ్లీ చేసింది. డేటా మొదలయ్యే సమయాన్ని, డేటాను నునుపు చేసే పద్ధతిని కొద్దిగా మార్చినా ఆ జాడ నిలబడలేదు. టాకోక్లైన్ కింద నుంచి, కేంద్రానికి వ్యాసార్థంలో ఐదో వంతు దూరం దాకా సూర్యుడు దాదాపు ఒకే వేగంతో తిరుగుతున్నాడన్నది గట్టి విషయం. దాని లోపలిది తెరిచి ఉన్న ప్రశ్నే.

సూర్యుడిలా మధ్యరేఖ వేగంగా, ధ్రువాలు నెమ్మదిగా తిరగడం వేరే నక్షత్రాల్లో కనిపించిందా?

కనిపించింది. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పనిలో 40 నక్షత్రాలు చూసి 13 నక్షత్రాల్లో స్పష్టంగా పట్టుకున్నారు. ఆశ్చర్యం ఎక్కడంటే, వాటి మధ్యరేఖ మధ్య అక్షాంశాలకన్నా దాదాపు రెండింతల వేగంతో తిరుగుతోంది. సూర్యుడిలో ఆ తేడా పది శాతం దగ్గరే. కంప్యూటర్ నమూనాలు ఇంత తేడా ఇవ్వలేదు. పట్టుకునే పద్ధతి సన్నని దారం లాంటిది: ఎల్ = 2లో బయటి ముక్కల చీలిక, లోపలి ముక్కల చీలిక సమానంగా లేకపోవడం. బయటివి మధ్యరేఖ దగ్గర ఎక్కువ ఉంటాయి కాబట్టి అక్కడి వేగాన్ని మోస్తాయి.

అరుణ మహాతారల కోర్ వేగం కొలిచారు, సూర్యుడి లాంటివాటికి ఎందుకు కుదరడం లేదు?

వయసు వచ్చాక నక్షత్రమే తలుపు తెరుస్తుంది. హైడ్రోజన్ అయిపోయి కోర్ కుంచించుకుపోయి పైభాగం ఉబ్బినప్పుడు, లోపలి గురుత్వ తరంగాల పౌనఃపున్యం పైపొరల శబ్ద తరంగాల పౌనఃపున్యంతో కలుస్తుంది. రెండూ చేతులు కలిపి మిశ్రమ కంపనాలవుతాయి. కోర్ సమాచారం ఉపరితలానికి చేరుతుంది. సూర్యుడి లాంటి నడివయసు నక్షత్రంలో ఆ రెండు పౌనఃపున్యాలు చాలా దూరంగా ఉంటాయి.

2012లో నేచర్‌లో పాల్ బెక్ బృందం అరుణ మహాతారల కోర్ ఉపరితలం కన్నా కనీసం పది రెట్లు వేగంగా తిరుగుతోందని చూపించింది. వినగానే ఎక్కువే అనిపిస్తుంది. కష్టం ఏంటంటే అది చాలా తక్కువ. ఒప్పుల కుప్ప ఆడే పిల్లలు దగ్గరికి జరిగితే గిర్రున వేగం పెరిగినట్టు, కుంచించుకున్న కోర్ వేగం బాగా పెరగాలి. సిద్ధాంతం ఇచ్చిన కోర్ వేగం కొలిచినదానికన్నా వంద రెట్లకు పైగా ఉంది. అంటే ఏదో ఒకటి కోర్ నుంచి కోణీయ ద్రవ్యవేగాన్ని లాగి పైకి పంపుతోంది. అయస్కాంత క్షేత్రమా, లోపలి గురుత్వ తరంగాలా అన్నది తేలలేదు. 2022లో మూడు అరుణ మహాతారల కోర్‌లో బలమైన అయస్కాంత క్షేత్రాన్ని ఇవే కంపనాలతో కొలిచారు, కాబట్టి అనుమానం అటువైపు బలపడింది.

నక్షత్రాలు వయసుతో నెమ్మదిస్తాయి కదా, భ్రమణం చూసి వయసు చెప్పేయొచ్చా?

నడివయసు దాకా చెప్పొచ్చు. నక్షత్ర గాలి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని బయటికి పోతూ బ్రేకు వేస్తుంది. వేగం వయసు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుందని 1972లో స్కుమానిచ్ చెప్పాడు.

ఆ నియమాన్ని హంస నక్షత్రమండలంలోని 16 సిగ్ని జంట ('ఏ', 'బి' అనే రెండు నక్షత్రాలు) దగ్గర పెట్టి చూడండి. రెండూ సూర్యుడి లాంటివి, మనకు 70 కాంతి సంవత్సరాల లోపు దూరంలో ఉన్నాయి. వాటి వయసు సుమారు 700 కోట్ల ఏళ్లని కంపనాలే చెప్పాయి. మన సూర్యుడికి 460 కోట్ల ఏళ్లు. నియమం ప్రకారం అవి ఇప్పటికి సుమారు 30 రోజులకొక చుట్టు తిరుగుతూ ఉండాలి. బరువు సూర్యుడికన్నా కొంచెం ఎక్కువ కాబట్టి కాస్త తగ్గించుకోండి. 2015లో గై డేవిస్ బృందం కొలిచింది: 16 సిగ్ని 'ఏ'కి 23.8 రోజులు, 'బి'కి 23.2 రోజులు. వయసులో సూర్యుడికన్నా అంత పెద్దవి, తిరగడంలో సూర్యుడికన్నా నెమ్మదిగా లేవు.

ఇదే పోకడ 91 నక్షత్రాల మీద 2021లో వచ్చిన పనిలోనూ కనిపించింది. ఒక వయసు దాటాక బ్రేకు సడలిపోతోందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. అయస్కాంత క్షేత్రం ఆకారం మారడం వల్ల కావచ్చు. ముసలి నక్షత్రానికి భ్రమణంతో వయసు కట్టకండి, కంపనాలతో నేరుగా కట్టండి.

ఒక్క జాగ్రత్త: బి నక్షత్రం 23.2 రోజులకు పై వైపు దోషం 11.5 రోజులు. దాని వంపు తక్కువ, సుమారు 36 డిగ్రీలు, అందుకే చీలిక సరిగా పట్టు దొరకలేదు. 16 సిగ్ని 'ఏ' దోషం రెండు రోజుల లోపే. రెండు అంకెలూ పక్కపక్కన చూసి సమానమైన బలం ఉందనుకోవద్దు.

గ్రహాల మీద పనిచేసేవాళ్లు ఈ కొలతలు ఎందుకు అడుగుతుంటారు?

వంపు కోణం కోసం. గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటుతోందంటే దాని కక్ష్యను మనం అంచు వైపు నుంచి చూస్తున్నాం. నక్షత్రం భ్రమణ అక్షం కూడా దానికి తగ్గట్టు నిలువుగా ఉందా అన్నది కంపనాలు చెబుతాయి. కెప్లర్-50, కెప్లర్-65 అనే నక్షత్రాలు చక్కగా సర్దుకుని ఉన్నాయి. కెప్లర్-56 మాత్రం తన రెండు గ్రహాల కక్ష్యకు సుమారు 45 డిగ్రీలు ఒరిగి ఉందని 2013లో తేలింది.

## మొదలుపెట్టాలనుకునేవారికి

డిగ్రీ చదువుతున్నాను, మామూలు లాప్‌టాప్ ఉంది. ఏమైనా చేయగలనా?

నిజంగా చేయగలరు. కెప్లర్, టెస్ డేటా అంతా ఉచితం. పైథాన్ వస్తే లైట్‌కర్వ్ అనే ప్యాకేజీతో డేటా దించుకుని పవర్ స్పెక్ట్రం గీయడం ఒక సాయంత్రం పని. చీలిక ఫిట్ చేయడానికి రాత్రంతా లాప్‌టాప్ నడవొచ్చు, అంతకన్నా పెద్ద యంత్రం అక్కర్లేదు. ముందు నేర్చుకోవలసింది ఫోరియర్ పరివర్తన, సంభావ్యత. ఎంసెట్ కోసం చదివిన తరంగాల పాఠం ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

మన దేశంలో ఈ రంగంలో ఎక్కడ చదవాలి?

ముంబయి టాటా మూల పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్), బెంగళూరు ఖగోళ భౌతిక సంస్థ, ఉదయపూర్ సౌర పరిశోధనశాల. సూర్యుడి భ్రమణాన్ని కంపనాల నుంచి విప్పడంలో ముంబయిలో హెచ్.ఎం. అంతియా, అక్కడ చదివి అమెరికా వెళ్లిన సర్బాణీ బసు చేసిన పని ప్రపంచమంతా వాడుతోంది.

ఏ నక్షత్రంతో మొదలుపెట్టమంటారు?

16 సిగ్ని ఏ. రెండున్నరేళ్ల నిమిషం డేటా, ఎంతో ప్రకాశం, సూర్యుడికి దగ్గరి ఉష్ణోగ్రత. పెద్ద ఎడం సుమారు 103 మైక్రోహెర్ట్జ్ పెట్టి ఎషెల్ పటం గీయండి. జత గీతలు విడివిడిగా, ఎల్ = 1 గీత పక్కన ఒంటరిగా, ఇంకాస్త పరిశీలిస్తే మసకగా ఎల్ = 3 కూడా కనిపిస్తుంది. తర్వాత ఎల్ = 0 శిఖరాన్ని, ఎల్ = 2 శిఖరాన్ని ఒకదాని మీద ఒకటి గీసి చూడండి. రెండోది భుజాలు జార్చి కొంచెం వెడల్పుగా ఉంటుంది. ఆ భుజాల్లోనే 23.8 రోజులు ఉన్నాయి.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాన వెలిసిన రాత్రి ఎనిమిది దాటాక మేడెక్కి ఉత్తరం వైపు తల బాగా పైకెత్తి హంసను వెతకండి. ఈ జంట ఆ హంస రెక్క చివరన ఉంటుంది. కంటికి ఆనీ ఆనకుండా ఉంటుంది కాబట్టి బైనాక్యులర్ పట్టుకెళ్లండి, పక్కపక్కనే రెండు చుక్కలుగా విడిపోయి కనిపిస్తాయి.